సీసంతో గీసే బొమ్మ: స్టెయిన్డ్ గ్లాస్ పలకను చేత్తో తయారు చేయడం ఎలా

నేను కట్టిన మొదటి గాజు పలక కిటికీ చట్రంలో పట్టలేదు. వెడల్పులో 4 మిల్లీమీటర్లు ఎక్కువొచ్చింది. గాజు బాగానే కోశాను, అతుకులు నున్నగా వచ్చాయి, రంగులు అనుకున్నట్టే పలికాయి. తప్పెక్కడ జరిగిందో నాకు పని నేర్పిన పెద్దాయన స్కేలు పెట్టి చూపించారు. అడ్డంగా 12 ముక్కలున్నాయి. ఒక్కో ముక్క గీత మీదికి మూడో వంతు మిల్లీమీటరు జరిగింది. ఒక్కదాంట్లో చూస్తే కంటికి ఆనదు. పన్నెండూ కలిస్తే చట్రం బయటికొచ్చింది.

స్టెయిన్డ్ గ్లాస్, అంటే రంగు గాజు ముక్కలతో కూర్చిన బొమ్మ, అనగానే మనసు రంగు మీదికి పోతుంది. పని మాత్రం సీసం మీద నడుస్తుంది. బొమ్మలో మనకు కనిపించే నల్లటి గీత ప్రతిదీ ఒక సీసం పట్టీ. అది ముక్కల్ని పట్టుకుని ఉంటుంది, బొమ్మనూ గీస్తుంది. కాబట్టి ముందు సీసం ఎక్కడ పోవాలో తేల్చుకుని, తర్వాత దానికి తగ్గట్టు గాజు కోయాలి. ఈ వరస తిరగబడితే ఏమవుతుందో పైన చెప్పాను.

నేను ఈ పని నేర్చుకున్నది ఇంగ్లండ్‌లోని యార్క్‌లో, అక్కడ ఉద్యోగం చేసిన రోజుల్లో, శనివారాలు ఒక చిన్న వర్క్‌షాపులో. ఆ ఊరి మిన్‌స్టర్ చర్చి తూర్పు కిటికీని జాన్ థార్న్‌టన్ అనే గాజు పనివాడు 1405లో మొదలుపెట్టి 1408లో పూర్తి చేశాడు. అందులో 311 పలకలున్నాయి. వాటన్నిటినీ దించి బాగుచేసే పెద్ద పని 2018లో ముగిసింది. నూరు, నూటయాభై ఏళ్లకు సీసం అలసిపోతుంది, గాజు అలసిపోదు. అందుకే పాత గాజును విప్పి కొత్త సీసంలో కడతారు. విప్పి మళ్లీ కట్టుకునే వీలుండడం ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి.

మన దగ్గర చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లండి. 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరిచిన ఆ కట్టడంలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం చూపే మూడు పెద్ద కిటికీలున్నాయి. లండన్‌కు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వేసినవి. లోపలి నుంచి, పగటి వెలుతురులోనే కనిపిస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు కాసేపు రంగులు వదిలేసి నల్లగీతల వెంట చూపు నడిపించండి. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తే సగం పాఠం అక్కడే దొరుకుతుంది.

సీసం పట్టీ గురించి ముందు

ఈ పట్టీని కేమ్ అంటారు. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లిష్ అక్షరం ‘హెచ్’లా ఉంటుంది. నడిమి గోడను గుండె అంటారు, అటూ ఇటూ ఉన్న అంచుల్ని రెక్కలు అనుకుందాం. గాజు వచ్చి గుండెకు ఆనుతుంది, రెక్కలు దాని అంచును కప్పుతాయి. రెక్క వెడల్పు 4 మిల్లీమీటర్ల నుంచి 12 దాకా దొరుకుతుంది. గుండె మందం మాత్రం ఎందులోనైనా ఇంచుమించు 1.5 నుంచి 1.75 మిల్లీమీటర్లు. ఈ ఒక్క అంకె మీద మొత్తం పలక నిలబడుతుంది.

6 మిల్లీమీటర్ల పట్టీ తీసుకుంటే గుండెకు ఒక్కో పక్క గాజును 2 మిల్లీమీటర్ల పైచిలుకు కప్పుతుంది. అంటే గాజు అంచు మీద చిన్న పెచ్చు ఊడినా దాగిపోతుంది. ముక్క పెద్దదైతే మాత్రం దాగదు, పక్కవాటిని తోసేస్తుంది. అందుకే మా వర్క్‌షాపులో గాజును ఎప్పుడూ గీతకు లోపలే కోయమనేవారు.

ఏం కావాలి

3 మిల్లీమీటర్ల రంగు గాజు, మూడు రకాల సీసం పట్టీలు, గ్లాస్ కట్టర్, గాజు విరిచే ప్లయర్స్, అంచు కొరికే ప్లయర్స్, సీసం కోసే కత్తి, లాడం మేకులు రెండు డజన్లు, 80 నుంచి 100 వాట్ల సోల్డరింగ్ ఐరన్ (వేడి తగ్గించుకునే వీలున్నది), 60 పాళ్లు తగరం 40 పాళ్లు సీసం ఉన్న టంకం, ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి అతుకు మీద రాసేది), మూలమట్టం, ప్లైవుడ్ పలక, రెండు నిటారైన రీపర్లు. సీసం రెక్కలు విప్పడానికి ఎముకతోనో గట్టి కర్రతోనో చేసిన పనిముట్టు అమ్ముతారు. నేను ఎండిన వెదురు బద్దను నున్నగా చెక్కి వాడుతున్నాను, ఏళ్లుగా అదే. కేమ్ మామూలు హార్డ్‌వేర్ షాపులో అడిగితే దొరికే సరుకు కాదు, తెప్పించుకోవాలి. అందుకే కొలత ముందే వేసుకోండి.

ఇక్కడే ఒక మాట. సీసం విషం. చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు, అది నోట్లోకో, పొడిగా ఊపిరిలోకో పోవడమే ప్రమాదం. పనిచేసే బల్ల దగ్గర టీ, టిఫిను వద్దు. లేచిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. పాత పట్టీ మీద పేరుకునే తెల్లటి పొడి చాలా చెడ్డది, దాన్ని పొడిగా ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. చిన్నపిల్లలు, కడుపుతో ఉన్నవాళ్లు ఆ గదిలోకి రాకూడదు. వంటింటి బల్ల మీద ఈ పని ఎప్పటికీ చేయొద్దు.

గీత

మొదటి పలకకు నేను అందరికీ చెప్పే బొమ్మ అరటాకు. 30 సెంటీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. గాలికి చీలిన అరటాకును ఎప్పుడైనా నిదానంగా చూశారా? ప్రతి చీలికా అంచు దగ్గర మొదలై నడిమి ఈనె దాకా వస్తుంది. సీసం పోవలసిన దారి ఆకు మీద ముందే రాసిపెట్టి ఉంది. ఈనె ఒక వెడల్పాటి పట్టీ, చీలికలు సన్న పట్టీలు. ముక్కలు దాదాపు నలుపలకలు కాబట్టి కోయడం తేలిక. ఆకులో 12 ముక్కలు, చుట్టూ ఆకాశానికి 10, మొత్తం 22.

గీసేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా తిన్నగా సాగే గీత ఉంటే పలక అక్కడ తలుపు మడతబందులా వంగుతుంది. కాబట్టి ఈనెను కొంచెం వంపుగా గీయండి, కొసను పై అంచుకు చేరకముందే ఆపండి. ఎడమ చీలికకు ఎదురుగా కుడి చీలిక రానివ్వకండి. నిజం అరటాకు మీద కూడా అలా రావు. ఆకాశంలో ముక్కల్ని విడదీసే గీతల్ని చీలికల కొసల నుంచే అంచు పట్టీ దాకా లాగితే అవి అతికించినట్టు కాక బొమ్మలో కలిసిపోతాయి.

రెండోది, లోపలికి లోతుగా వంగే వంపులు వద్దు. గాజుకు మూలలు తిరగడం రాదు, తిన్నగా పగిలిపోతుంది. మూడోది, ఒకే చోట నాలుగైదు పట్టీలు కలవనివ్వకండి. అక్కడ టంకం ముద్దయిపోతుంది.

ఇప్పుడు అసలు కాగితం. పలక ఎంత ఉండాలో అంత సైజులో గీయాలి. చట్రం లోపలి కొలతకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల చొప్పున తగ్గించి బయటి గీత వేయండి. అంచుకు 12 మిల్లీమీటర్ల పట్టీ వాడతాం కాబట్టి, బయటి గీతకు 7 మిల్లీమీటర్లు లోపల ఇంకో గీత వేయండి. గాజు అక్కడిదాకే రావాలి. తర్వాత లోపలి గీతలన్నీ 1.75 మిల్లీమీటర్ల మందం పడే స్కెచ్ పెన్నుతో దిద్దండి. ఆ గీత మందమే గుండె మందం. గాజు ముక్క గీతను ముట్టుకోవచ్చు, దాని మీదికి ఎక్కకూడదు. పెన్ను మొన అరిగి గీత లావెక్కుతుంటే కొత్తది తీసుకోండి, ఇక్కడ పది రూపాయలు చూసుకోవద్దు.

ముక్కలకు నంబర్లు వేసి, ఇంకో కాపీ తీయండి. ఒకటి కోతకు, ఒకటి కట్టడానికి.

గాజు

నోటితో ఊది చేసిన గాజులో బుడగలు, చారలు, మందంలో తేడాలు ఉంటాయి, వెలుతురు అందులో కదులుతుంది. ఇలాంటి చేతిపని గాజు తయారీని 2023లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఖరీదు ఎక్కువ. రోలర్ల మీద యంత్రం తీసే కెథెడ్రల్ గ్లాస్‌తో మొదలుపెట్టండి. పాలు కలిపినట్టుండే ఓపలెసెంట్ గాజు ఇంకో రకం, దాని వెనక ఏముందో కనపడదు.

గాజును షాపులో బల్ల మీద చూసి కొనొద్దు. వాకిట్లోకి తెచ్చి ఆకాశానికి ఎదురు పట్టి చూడండి. అరటాకుకు ఒకే ఆకుపచ్చ సరిపోదు. కొస దగ్గర లేత పసుపుపచ్చ, కింద ముదురు, మధ్యలో ఒకటి, మూడు ఛాయలైనా కావాలి. చుట్టూ ఆకాశానికి బాగా పలచని నీలమో, రంగులేని గరుకు గాజో పెట్టండి. ఆకు, ఆకాశం రెండూ ముదురైతే సాయంత్రానికి బొమ్మ చచ్చిపోతుంది. కావలసినదానికన్నా సగం ఎక్కువ కొనండి.

కోత

12వ శతాబ్దంలో థియోఫిలస్ అనే సన్యాసి ఈ పనంతా పూసగుచ్చినట్టు రాసిపెట్టాడు. అప్పట్లో గాజును ఎర్రగా కాల్చిన ఇనుపకడ్డీతో పగలగొట్టి, అంచుల్ని ఇనుప కొంకితో కొరికి ఆకారానికి తెచ్చేవారు. ఇప్పుడు మన చేతిలో చిన్న ఉక్కు చక్రం ఉంది. ఒకటి గుర్తుంచుకోండి, చక్రం గాజును కోయదు. పైన ఒక సన్నటి బీట వేస్తుంది, అంతే. ఆ బీటను వంచి తెరవడం మన పని.

కాగితం మీద గాజు పెట్టండి, కింద గీత కనిపిస్తుంది. కట్టర్ చక్రాన్ని కుట్టుమిషన్ నూనెలో ముంచండి. నిటారుగా పట్టుకుని, ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా ఆపకుండా, ఒకే ఒత్తిడితో నడపండి. సన్నగా ‘సర్ర్’మని ఒకే శ్రుతిలో వినిపించాలి. చప్పుడు ఆగితే అక్కడ బీట పడలేదన్నమాట. గీత పక్కన తెల్లటి రవ్వలు రాలితే ఎక్కువ నొక్కారు. బాగా పడిన గీత వెంట్రుకలా మెరుస్తుంది, అంతకన్నా కనపడదు. దాని మీద రెండోసారి నడపకండి, చక్రం పాడవుతుంది, గాజు ఇష్టమొచ్చినట్టు పగులుతుంది.

గీయగానే విరిచేయండి. గీతకు అటూ ఇటూ రెండు బొటనవేళ్లు, కింద మడిచిన చూపుడువేళ్లు. జంతిక విరిచినట్టు బయటికి వంచండి. సన్న ముక్కలకు విరిచే ప్లయర్స్ వాడండి. వంపు గీతైతే గాజు తిప్పి కింది నుంచి కట్టర్ వెనక కొసతో తట్టుకుంటూ పోతే బీట పాకడం కళ్లకు కనిపిస్తుంది. ఆకాశం ముక్కల్లో లోపలికి వంగిన వైపును ఒక్కసారిగా తీయాలని చూడకండి. నెలవంకల్లాంటి రెండు మూడు గీతలు వరసగా వేసి, బయటి నుంచి ఒక్కొక్కటే కొరికి తీయండి.

కళ్లద్దాలు తప్పనిసరి. బల్లను చేత్తో తుడవొద్దు, బ్రష్షు పెట్టుకోండి. కోసిన ప్రతి ముక్కనూ కాగితం మీద దాని చోట పెట్టి చూడండి. చుట్టూ నల్లగీత పూర్తిగా కనిపించాలి. ఎక్కడైనా మాయమైతే ఆ మేరకు ప్లయర్స్‌తో కొరికి, తడిపిన సానరాయి మీద రుద్దండి. మొదటి పలకలో నేను ఎగ్గొట్టింది సరిగ్గా ఈ పరీక్షనే.

ఆకు మీద సన్న ఈనెలు కావాలంటే గాజు మీద గీయవచ్చు. లోహ భస్మం, గాజు పొడి కలిసిన నల్లరంగును పూసి, కొలిమిలో 650 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చి కరిగించాలి. వెండి లవణం పూసి కాలిస్తే పసుపు వస్తుంది. స్టెయిన్డ్ అనే పేరులోని ‘మరక’ అదే. కొలిమి లేకపోతే వదిలేయండి, అరటాకుకు సీసమే చాలు.

కట్టడం

ప్లైవుడ్ మీద కాగితం అంటించి, ఎడమ అంచున, కింది అంచున బయటి గీత మీద రీపర్లు కొట్టండి. మూలమట్టం పెట్టి చూడండి. ఆ మూల 90 డిగ్రీలు రాకపోతే తర్వాత ఏం చేసినా రాదు.

పట్టీని వాడేముందు సాగదీయాలి. ఒక కొస వైస్‌లో బిగించి, రెండో కొసను ప్లయర్స్‌తో పట్టి నెమ్మదిగా లాగండి. వంకరలు పోయి బిగుసుకున్నట్టు చేతికి తెలుస్తుంది, అక్కడ ఆపండి. ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడండి, పట్టీ తెగితే మనిషి వెనక్కి పడతాడు. తర్వాత వెదురు బద్దను కాలువలో నడిపి రెక్కల్ని కొంచెం విప్పండి.

సీసం ఎంత మెత్తనో కోసినప్పుడు తెలుస్తుంది. రెక్క బల్లకు ఆనేలా పెట్టి, పైరెక్క మీద కత్తి ఆనించి, అటూ ఇటూ ఊపుతూ దింపండి. ఒక్కసారిగా నొక్కితే కాలువ అణిగిపోతుంది, గాజు దూరదు.

అంచు పట్టీలు రెండు రీపర్లకు ఆనించి పెట్టాక మూల నుంచి మొదలుపెట్టండి. ముక్క దూర్చండి, చిన్న చెక్క అడ్డం పెట్టి తట్టండి, తర్వాతి పట్టీ పెట్టండి, ఇంకో ముక్క. మేకులు తాత్కాలికంగా ముక్కల్ని కదలకుండా పట్టుకుంటాయి. లాడం మేకు పక్కలు చదునుగా ఉంటాయి కాబట్టి గాజును పెచ్చు లేపదు. అయినా మధ్యలో ఒక సీసం ముక్క అడ్డం పెట్టడం నాకు అలవాటు.

పట్టీ ఎంత పొడవు కోయాలనే దగ్గర అందరూ తడబడతారు. ఒక పట్టీ ఇంకోదాన్ని కలిసే చోట గాజు అంచుదాకా పోకూడదు. అక్కడ అవతలి పట్టీ రెక్క వచ్చి 2 మిల్లీమీటర్లు కప్పుతుంది కదా, ఆ మేరకు ముందే ఆగాలి. గాజు అంచు మీద ఒక తుంట సీసం పెట్టి చూసుకుని గుర్తు పెట్టుకోండి. రెక్కకు రెక్క సరిగ్గా ఆనితే అతుకు బలంగా వస్తుంది. సందు మిగిలితే టంకం అందులో నుంచి కిందికి జారిపోతుంది.

ప్రతి ముక్క తర్వాతా కాగితం మీది గీతను చూడండి. గాజు గీత దాటితే అప్పుడే తీసి అరగదీయండి, తర్వాత సర్దుకుంటుందిలే అనుకోవద్దు. ఆకు సగానికి వచ్చాక ఈనెకు 10 మిల్లీమీటర్ల పట్టీని చేత్తోనే మెల్లగా వంచి పెడతారు. అక్కడి నుంచి కుడి సగం. అన్నీ అయ్యాక మిగిలిన రెండు అంచు పట్టీలు పెట్టి, బయటి నుంచి రీపర్లు బిగించి, మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానంగా ఉంటే పలక మూలమట్టానికి వచ్చినట్టే.

టంకం

బిందెలకు మాట్లు వేసేవాళ్లు వీధుల్లోకి వచ్చిన రోజులు గుర్తున్నవాళ్లకు ఈ పని కొత్త కాదు. ఇబ్బంది ఎక్కడంటే, సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది, 60-40 టంకం 190 దగ్గరే కరుగుతుంది. ఐరన్ మొన సీసం కరిగే వేడి కన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది కాబట్టి ఆలస్యం చేస్తే టంకంతో పాటు పట్టీ కూడా కరిగి గుంట పడుతుంది. పారేసే సీసం ముక్క మీద ముందు మొన ఆనించి చూడండి. రెండు అంకెలు లెక్కపెట్టేలోగా సీసం కుంగితే వేడి తగ్గించండి.

అతుకుల్ని మెత్తటి ఇత్తడి బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఫ్లక్స్ రాయండి. టంకం కడ్డీని అతుకు మీద పెట్టి, దాని మీద మొన ఆనించి, అది నాణెంలా పరుచుకోగానే తిన్నగా పైకి లేపండి. పక్కకు లాగితే తోక వస్తుంది. కిటికీ తెరిచి ఉంచండి, ఫ్లక్స్ పొగ గొంతు పడుతుంది.

తిప్పేటప్పుడు జాగ్రత్త. పలకను పడుకున్నదాన్ని పడుకున్నట్టు ఎత్తితే మధ్యలో కుంగిపోతుంది. బల్ల అంచుదాకా జరిపి, అక్కడ నిలబెట్టి, అప్పుడు రెండో వైపుకు వాల్చండి. రెండో వైపు కూడా ఇలాగే.

లప్పం

ఇప్పుడు పలకను ఊపితే గలగలమంటుంది. సందులు నింపితే గానీ గట్టిపడదు, వాన ఆగదు. సుద్దపొడిలో రెండు పాళ్లు కాచిన అవిసె నూనె, ఒక పాలు టర్పెంటైన్, నలుపుకు దీపపు మసి కలపండి. దోసె పిండి కన్నా గట్టిగా, గారె పిండి కన్నా పలచగా ఉండాలి. గట్టి బ్రష్షుతో అన్ని వైపుల నుంచీ రెక్కల కిందికి తోయండి. వెదురు బద్దతో రెక్కల్ని గాజు మీదికి అణచండి. పైన సుద్దపొడి, రంపపు పొట్టు చల్లి రుద్దితే జిడ్డు పీల్చుకుంటుంది, అదే రుద్దుడుకు సీసం నల్లగా నిగ్గుతేలుతుంది. రెండు వైపులా చేశాక బల్లపరుపుగా పడుకోబెట్టండి. మర్నాడు గీతల వెంట ఉబికిన లప్పాన్ని మొనదేలిన పుల్లతో తీసేయండి. గట్టిపడడానికి రెండు వారాలు పడుతుంది. అప్పుడు వేలితో తడితే ఒకే పలకలా ‘టక్’మంటుంది.

నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డలు తమంతట తామే అంటుకుంటాయి. నీళ్లలో నానబెట్టి, తర్వాత బయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

బిగించడం

ఇంత చిన్న పలకకు చెక్క చట్రం, రెండు వైపులా బీడింగ్ చాలు. అర మీటరు దాటిన పలకలకు మాత్రం అడ్డంగా ఇనుప కడ్డీ ఉండాలి. అతుకుల మీద రాగి తీగలు టంకం పెట్టి, వాటిని కడ్డీకి మెలేసి కడతారు. లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ గాలికీ తన బరువుకీ పలక పొట్ట వేస్తుంది. తుడవడానికి తడిగుడ్డ వాడండి, అమోనియా ఉన్న క్లీనర్లు వద్దు.

చివరగా ఆ కాగితం. గీతలు, నంబర్లు, లప్పం మరకలతో ఉన్న రెండో కాపీని పారేయకండి. వెనక వైపు తేదీ, ఏ చోట ఏ పట్టీ వాడారో, ఏ నంబరుకు ఏ గాజో రాసి, మిగిలిన గాజు తునకల్ని అందులోనే చుట్టి అటక మీద పెట్టండి. ఎప్పుడైనా బంతి తగిలి ఏడో నంబరు ముక్క పగిలితే, రెక్కలు విప్పి కొత్త ముక్క దూర్చేవాళ్లకు కావలసినవన్నీ ఆ చుట్టలోనే ఉంటాయి.